కాన్పు చేయడం ఎక్కడ నేర్చుకోవాలి?

కర్నూలులోనో కడపలోనో నర్సింగ్ చదువు పూర్తిచేసిన అమ్మాయి చేతికి అందే రిజిస్ట్రేషన్ పత్రం ఆమెను నర్సుగానే కాదు, మిడ్‌వైఫ్‌గా కూడా గుర్తిస్తుంది. కాన్పు చేసే అర్హత ఆమెకు ఉందని ప్రభుత్వమే ముద్ర వేసి చెబుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, రాత్రి డ్యూటీలో పెద్ద సిస్టర్ పక్క వార్డుకు వెళ్లిన పావుగంటలో, రెండో కాన్పు మనిషి ఒకామె ఆటో దిగి ‘ఇక ఆగడం లేదు సిస్టర్’ అంటూ వస్తే ఆ ముద్ర ఏమాత్రం అక్కరకొస్తుందన్నది వేరే ప్రశ్న. చాలామంది కొత్త నర్సులకు ఆ క్షణంలో పుస్తకం గుర్తుకొస్తుంది గానీ చేయి కదలదు. దానికి వాళ్లను తప్పుపట్టలేం. ఈ పని నేర్చుకునే చోట్లు ఒకటొకటిగా తగ్గిపోతూ వచ్చాయి.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఇది చిన్న మార్పు కాదు. 2018–20 నాటికి దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతుంటే మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45. పాతకాలంలో ఇంట్లోనే హాయిగా కనేవాళ్లమని నిట్టూర్చేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూసుకోవాలి. అయితే అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. రాష్ట్రంలో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లు. ప్రభుత్వాసుపత్రుల్లో 26.6 శాతం, ప్రైవేటులో 63 శాతం. దేశ సగటు 21.5 మాత్రమే. ముహూర్తం చూసుకుని వచ్చేవాళ్లు కొందరు, నొప్పులు పడలేనని అడిగేవాళ్లు కొందరు, రాత్రంతా పక్కన కూర్చుని చూసే మనిషి లేక ఆపరేషన్‌కు పంపేవాళ్లు ఇంకొందరు. నిజంగా ప్రాణం మీదికి వచ్చి చేసేవీ ఉంటాయి, వాటితో ఎవరికీ పేచీ లేదు. కారణం ఏదైనా, మామూలు కాన్పును మొదటి నుంచి చివరిదాకా చూసి నేర్చుకునే అవకాశం మాత్రం ఆ మేరకు తరిగిపోయింది.

ఇక్కడ ఎవరు ఏమిటో కాస్త తేల్చుకోవాలి, ఎందుకంటే ఊళ్లో అందరినీ కలిపి ‘నర్సమ్మ’ అనేస్తారు. ఆశా కార్యకర్త కాన్పు చేయదు. గర్భిణిని నమోదు చేయించి, పరీక్షలకు తీసుకెళ్లి, నొప్పులు మొదలైతే 108 ఎక్కించి తోడు రావడం వరకే ఆమె పని. ఏఎన్ఎం (సహాయక నర్సు, మిడ్‌వైఫ్) రెండేళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదువుతారు. ఈ మూడు చదువుల్లోనూ కాన్పు పాఠం ఉంది. పనిలో ఉన్న ఏఎన్ఎంలకూ స్టాఫ్ నర్సులకూ కేంద్రం నైపుణ్య ప్రసవ సహాయకుల శిక్షణ అని 21 రోజులది పెట్టింది. పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే ఏం చేయాలో నేర్పే రెండు రోజుల శిక్షణ 2009 నుంచి ఉంది. పేర్లు, శిక్షణలు, సర్టిఫికెట్లు ఇన్ని ఉన్నా చేతికి పని రాకపోవడమే ఇందులోని చిక్కు.

ఒకప్పుడు మంత్రసానికి ఈ చిక్కు లేదు. అత్త వెంటో అమ్మ వెంటో తిరుగుతూ, నీళ్లు కాచి అందిస్తూ, ఏళ్ల తరబడి చూసి చూసి ఒకరోజు తానే బిడ్డను పట్టేది. ‘మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి’ అన్న సామెతలో వెటకారం ఎంతుందో పని స్వభావం అంతే ఉంది. నొప్పులు మొదలైనప్పటి నుంచి స్నానం చేయించేదాకా మనిషిని విడిచిపెట్టకుండా ఉండటమే ఆమె అసలు బలం. అయితే ఆ బలాన్ని పొగిడేటప్పుడు మిగతాది దాచకూడదు. కొడవలితోనో బ్లేడుతోనో కోసిన బొడ్డుకు బూడిదో పేడో రాసినందువల్ల ధనుర్వాతంతో పోయిన పసికందుల లెక్క ఎవరూ రాయలేదు. మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 2015లో మాత్రమే. రక్తపోటు చూసే సాధనం ఆమె దగ్గర లేదు, గుర్రపువాతం (రక్తపోటు పెరిగి వచ్చే ఫిట్స్) వస్తే మందు లేదు, రక్తస్రావం ఆగకపోతే చేయగలిగింది లేదు. ప్రభుత్వం కొన్ని దశాబ్దాలపాటు మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, కిట్లు పంచి, 2005లో జననీ సురక్ష యోజనతో ఆసుపత్రి కాన్పులవైపు పూర్తిగా తిరిగింది. మంత్రసాని వెళ్లిపోయింది సరే, ఆమె చేసిన ఒక పని, అంటే పక్కన ఉండటం, ఎవరికీ అప్పగించకుండానే వెళ్లిపోయింది.

చేతికి రావాల్సింది ఏమిటి

కాన్పు నేర్చుకోవడమంటే బిడ్డను పట్టుకోవడం నేర్చుకోవడమని విద్యార్థులు అనుకుంటారు. బిడ్డ బయటికి వచ్చేది కొన్ని నిమిషాలు. దాని ముందున్న పది పన్నెండు గంటలలోనే పనంతా ఉంది.

మొదట కడుపు మీద చేయి. అరచేయి మొత్తాన్ని గర్భసంచి పైభాగాన తేలిగ్గా ఆనించి, గడియారం చూస్తూ, పది నిమిషాలు తీయకుండా ఉంచాలి. వేళ్ల కొనలతో గుచ్చి చూడకూడదు. కొద్దిసేపటికి విచిత్రంగా ఒకటి తెలుస్తుంది. నొప్పి వస్తున్న సంగతి ఆమె ముఖం కంటే ముందు చేతికి అందుతుంది. గర్భసంచి బిగుసుకోవడం మొదలైన కొన్ని క్షణాలకు గానీ ఆమెకు నొప్పి తెలియదు. ఆ బిగువు ఎంత అన్నదానికి పాత ట్యూటర్లు చెప్పే కొలత ఇప్పటికీ మేలైనదే: ముక్కు కొనలా ఉంటే తక్కువ నొప్పి, గడ్డంలా ఉంటే మధ్యరకం, నుదురులా ఉంటే గట్టి నొప్పి. పది నిమిషాల్లో మూడు నాలుగు నొప్పులు, ఒక్కోటి నలభై సెకన్లు దాటి ఉంటే కాన్పు బాగా సాగుతోందని అర్థం. ఐదుకు మించి వస్తుంటే బిడ్డకు ఊపిరాడే విరామం దొరకడం లేదని భయపడాలి. ఊళ్లో ఎవరో ‘నొప్పులెక్కే సూది’ వేసి పంపించారా అని అప్పుడే అడగాలి. లెక్కా పత్రం లేకుండా కండకు ఇచ్చే ఆ ఇంజక్షన్ గర్భసంచిని చీల్చగలదు.

ఈ పది నిమిషాల పనిని ఏ యంత్రమూ అడగదు, ఏ పరీక్షలోనూ మార్కులు పడవు. అందుకే దీన్ని ఎగ్గొట్టడం చాలా సులువు. కేసుషీటులో పది నిమిషాలకు మూడు నొప్పులని చేయి పెట్టకుండానే రాసేయవచ్చు. ఎవరూ పట్టుకోరు.

రెండో మెట్టు బిడ్డ ఎలా ఉందో తడిమి తెలుసుకోవడం. పైన ఉన్నది తలా పిరుదులా, వీపు ఏ పక్కన ఉంది, కటిలోకి తల ఎంతవరకు దిగింది, బయట ఇంకా ఎన్ని వేళ్ల మందం తగులుతోంది అన్నవి నాలుగు పట్లలో తేలతాయి. వీపు ఏ పక్కనుందో తెలిస్తే గుండె చప్పుడు వెతుక్కునే పని ఉండదు. ఆ చప్పుడు నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ పొరబడే చోటొకటి ఉంది. భయంతో, జ్వరంతో, నొప్పులతో తల్లి నాడి 120కి పోతే, డాప్లర్‌లో వినిపించేది బిడ్డదా తల్లిదా అన్న అనుమానం రావాలి. ఒక చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని రెండూ పోల్చుకుంటే గానీ అది తీరదు. అనుభవమున్న సిస్టర్లు మాట్లాడుతూనే మణికట్టు పట్టుకుంటారు. పక్కనున్న విద్యార్థికి అది ఓదార్పులా కనబడుతుంది. నిజానికి ఆ చేయి రెండు పనులూ చేస్తోంది.

మూడోది లోపలి పరీక్ష. గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో రెండు వేళ్లతో చెప్పాలి. దీన్ని మనిషి మీద మొదలుపెట్టి నేర్చుకోవడం అన్యాయం. ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా రంధ్రాలు కోసిన చెక్క పలకను గుడ్డ కింద పెట్టి, చూడకుండా వేళ్లు పెట్టి అంకె చెప్పే సాధన ఉంది. నాలుగుకూ ఐదుకూ తేడా వేళ్లకు తెలియడానికి వారాలు పడుతుంది. ఆ తేడా చిన్నది కాదు. కాన్పు సాగే తీరును గంటగంటకూ గీసే మన పార్టోగ్రాఫ్ పటాల్లో గీత నాలుగు సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో దాన్ని ఐదుకు మార్చింది. గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోకపోతే ఆలస్యమే అన్న పాత నియమాన్నీ పక్కన పెట్టింది. ఆరోగ్యంగా, నెమ్మదిగా సాగే కాన్పులు ఎన్నో ఆ నియమం వల్ల అనవసరంగా సూదులకూ ఆపరేషన్లకూ పోయాయి. పరీక్ష నాలుగు గంటలకొకసారి చాలు. బోధనాసుపత్రిలో ఒకే మనిషిని నలుగురు చేతులు పెట్టి చూడటం నేర్చుకోవడం కిందికి రాదు. ఇన్ఫెక్షన్ తెచ్చిపెడుతుంది, మర్యాద కూడా కాదు.

ఇక పార్టోగ్రాఫ్. దీన్ని నర్సులు అదనపు రాతకోతగా చూస్తారు, చాలాచోట్ల కాన్పు అయ్యాక కూర్చుని నింపుతారు. దాని పుట్టుక తెలిస్తే అలా చేయబుద్ధి కాదు. 1972లో నేటి జింబాబ్వేలో ఫిల్‌పాట్, క్యాజిల్ అనే డాక్టర్లు హెచ్చరిక గీత, చర్య గీత అని రెండింటిని కలిపిన పటం తయారుచేశారు. పెద్దాసుపత్రికి దూరంగా ఉన్న చిన్న కేంద్రాల్లోని మిడ్‌వైఫ్‌ల కోసం చేసిన పటమది. రెండు గీతల మధ్య నాలుగు గంటలు ఉంచింది దారిలో పట్టే సమయానికే. ఆదోని వైపున్న కోసిగి, పెద్దకడుబూరు ప్రాంతాల్లో పనిచేసే ఏఎన్ఎంకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు 100 కిలోమీటర్లు. హెచ్చరిక గీత దాటగానే బండి ఎక్కించకపోతే ఆ పటం గీసి ప్రయోజనం లేదు.

ముక్కమ్మా, ముక్కు

కాన్పుల గది పక్కనుంచి నడిచినవాళ్లందరికీ తెలిసిన అరుపు ఇది. దాన్ని ఎప్పుడు అనకూడదో తెలియడం దాన్ని అనడం కంటే కష్టం. ద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కిస్తే అది వాచిపోతుంది, మనిషి సొలసిపోతుంది. పూర్తిగా తెరుచుకున్నాక ముక్కాలన్న ఒత్తిడి ఆమె ఒంటికే వస్తుంది, ఎవరూ అరవనక్కరలేదు. పైనుంచి కడుపు నొక్కడం మన దగ్గర ఇంకా పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దని స్పష్టంగా చెప్పింది. తొలిచూలు అయితే చాలు, అడగకుండా కింద కత్తెర వేసే అలవాటునూ వద్దంది. నొప్పుల వేళ నడవనివ్వమంది, ఆమె కోరుకున్న మనిషిని పక్కన ఉండనివ్వమంది. రాసిపెట్టి ఇన్నేళ్లయినా మన గదుల్లో చాలామంది స్త్రీలు ఇంకా వెల్లకిలా, ఒంటరిగా, తిట్లు తింటూ కంటున్నారు. ‘అప్పుడు తెలియలేదా ఈ నొప్పి’ అనే మాట విన్న బాలింతలు ఈ జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఆ మాట అన్న సిస్టర్ పక్కన నిలబడ్డ విద్యార్థిని కూడా ఆ రోజు ఒకటి నేర్చుకుంటుంది.

తల కనబడ్డాక చేతులు చేసేది తక్కువ, ఆపేది ఎక్కువ. ఒక చేయి తల మీద తేలిగ్గా ఉంచి అది ఒక్కసారిగా దూసుకురాకుండా చూడాలి, రెండో చేయి గుడ్డతో కింది భాగాన్ని కాయాలి. చిన్న చిన్నగా ఊపిరి వదలమ్మా అని చెప్పాలి. తల వచ్చాక మెడ చుట్టూ బొడ్డుతాడు ఉందేమో వేలితో చూసి, వదులుగా ఉంటే తల మీదుగా తప్పించాలి. ఆ తర్వాత వచ్చే విరామంలోనే కొత్తవాళ్ల చేతులు తహతహలాడతాయి. లాగాలనిపిస్తుంది. లాగకూడదు. తల దానంతట అదే తల్లి తొడవైపు తిరుగుతుంది, లోపల భుజాలు సర్దుకుంటున్నాయని దాని అర్థం. తర్వాతి నొప్పికి పై భుజం, ఆపైన కింది భుజం వస్తాయి. భుజం ఇరుక్కుంటే తల్లి మోకాళ్లను కడుపు మీదికి బాగా వంచి, ఒకరు పొత్తికడుపు ఎముకకు పైన ఒత్తాలి. గర్భసంచి పైభాగాన కాదు. ఈ రెండు చోట్ల మధ్య దూరం జానెడే, ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు.

బిడ్డను తల్లి కడుపు మీదే పడుకోబెట్టి తుడవాలి. ఏడిస్తే సరే, లేకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించాలి, నిమిషానికి నలభై నుంచి అరవై సార్లు. ఊపిరి తీసే బిడ్డకు బొడ్డుతాడు కోయడంలో తొందరేమీ లేదు, ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలో ఉన్న రక్తం బిడ్డకు చేరుతుంది. తల్లుల్లో రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్నచోట ఆ కాస్త రక్తం లెక్కలోనిదే.

మాయ పడేవేళే ప్రమాదం. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి గర్భసంచిని బిగించే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వడం, గర్భసంచి బిగిశాకే తాడును నిదానంగా లాగడం, మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ఉందో లేదో పదేపదే చూడటం అన్నవి ఎవరినడిగినా అప్పజెప్పేస్తారు. తెలియనిది మందు గురించి. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కర్నూలు, అనంతపురం ఎండల్లో ట్రేలో పొద్దుటి నుంచి ఉన్న ఆంపూల్ సాయంత్రానికి ఎంత పనిచేస్తుందో ఆలోచించండి. ఫ్రిజ్ తలుపు మీద రాసే ఉష్ణోగ్రత పట్టిక కూడా కాన్పు విద్యలో భాగమే.

రక్తం ఎంత పోయిందో కంటితో చెప్పడం మనందరం అనుకునేదానికంటే కష్టం. చూడాలనుకుంటే కుంకుమ కలిపిన అర లీటరు నీళ్లను మడిచిన పాత నూలు చీర మీద పోసి, ఎంత పోశారో తెలియనివాళ్లను అడగండి. చాలామంది సగమే చెబుతారు. ఆ అర లీటరే ప్రమాదానికి గీసిన గీత. 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనం ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో జరిగింది. ఒంటి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు పరిచి, రక్తస్రావం ఎక్కువని కనిపించగానే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం, సెలైన్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టి, కారణం వెతికారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. ధారగా రక్తం పోతున్న మనిషికి ఉండే వ్యవధి రెండు గంటలని వైద్య పుస్తకాలు చెబుతాయి. ఆదోని నుంచి కర్నూలుకు అంబులెన్సు పట్టే సమయాన్ని దాని పక్కన రాసుకుంటే, బండి రాకముందు నర్సు చేతులు చేసే పని విలువ తెలుస్తుంది. గుర్రపువాతానికీ అంతే. పంపించే ముందు మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు, ఒక్కో పిరుదుకు ఐదు చొప్పున లోతుగా వేసి పంపాలి. వేయడానికి భయపడి చీటీ మాత్రమే రాసి పంపేవాళ్లు ఉన్నారు.

మరి ఎందుకు రావడం లేదు

బోధనాసుపత్రిలో కాన్పులకు కొదవ లేదు. కర్నూలు పెద్దాసుపత్రికి ఇటు గద్వాల నుంచి, అటు రాయచూరు వైపు నుంచి కూడా వస్తారు. అయితే ఒక్కో మంచం చుట్టూ హౌస్ సర్జన్లు, పీజీలు, రకరకాల నర్సింగ్ కళాశాలల విద్యార్థినులు. అందరికీ కాన్పులు కావాలి, అందరికీ రికార్డు నింపాలి. ఈ వరసలో నర్సింగ్ విద్యార్థిని ఎప్పుడూ వెనకే నిలబడుతుంది. చూసిన కాన్పు, చేతులు కలిపిన కాన్పు, తానే చేసిన కాన్పు అన్న మూడింటి మధ్య తేడా రికార్డులో చెరిగిపోతుంది. ఐరోపా సమాఖ్య నియమం మిడ్‌వైఫ్ విద్యార్థి స్వయంగా కనీసం 40 కాన్పులు చేయాలంటుంది. స్త్రీలు దొరకని పక్షంలో 30కి తగ్గించవచ్చు గానీ, అప్పుడు ఇంకో 20 కాన్పుల్లో సాయపడాలి. ఆ అంకెను ఇక్కడ తెచ్చి పెట్టాలని నేననడం లేదు. లెక్కలో నిజాయితీ మాత్రం తెచ్చుకోవచ్చు.

పల్లె వైపు కథ వేరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కాన్పులు పెద్దాసుపత్రులకు తరలిపోయాయి. కొంత భయం వల్ల, కొంత రోడ్లూ బళ్లూ మెరుగుపడినందువల్ల. అక్కడి ఏఎన్ఎంకు కాలం గడిచేకొద్దీ చేతి నేర్పు పోతుంది. పోయేకొద్దీ ఇంకా ఎక్కువమందిని పంపేస్తుంది. పెద్దాసుపత్రిలో మంచాలు చాలవు, అక్కడ నేర్పేందుకు తీరిక ఉండదు. ఈ సుడి ఎక్కడ మొదలైందని వెతకడం కంటే ఎక్కడ ఆపవచ్చో చూడటం మేలు.

నా దృష్టిలో అసలు తెగిన చోటు ఒకటుంది. తరగతిలో పాఠం చెప్పే ట్యూటర్ కాన్పుల గదిలో పనిచేయదు. కాన్పుల గదిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న సిస్టర్‌కు నేర్పే బాధ్యత లేదు, అందుకు సమయమూ గుర్తింపూ లేవు. ఒకరికి మాటలున్నాయి, ఇంకొకరికి చేతులున్నాయి. విద్యార్థిని ఇద్దరి మధ్య తిరుగుతుంది.

బొమ్మల మీద సాధన దీన్ని కొంత పూడ్చగలదు. ఇది కొత్తదేమీ కాదు. 1759లో ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ ఆజ్ఞ మీద మదామ్ దు కుద్రే అనే మంత్రసాని గుడ్డతో కుట్టిన కటి బొమ్మను బళ్లలో వేసుకుని దేశమంతా తిరిగి పల్లె ఆడవాళ్లకు నేర్పింది. ఇప్పటి బొమ్మను ఒక మనిషి నడుముకు కట్టుకుంటుంది. లోపల బిడ్డ, మాయ, రంగు నీళ్ల సంచి ఉంటాయి, కట్టుకున్నామె నిజంగానే మూలుగుతుంది, ప్రశ్నలడుగుతుంది, భయపడుతుంది. రబ్బరు తుంటి ముందు నిలబడి జవాబులు చెప్పడానికీ, మాట్లాడే మనిషి ముందు చేతులు కదపడానికీ చాలా తేడా ఉంది. బొమ్మ నేర్పలేనిది ఓపిక. పది గంటల కాన్పును బొమ్మ మీద పది నిమిషాల్లో ముగిస్తారు.

ఒక్కసారి శిక్షణ ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లో తేలింది. 120 ఆసుపత్రుల్లో జరిగిన బెటర్‌బర్త్ అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. సగం చోట్ల కాన్పు చెక్‌లిస్టు ఇచ్చి, పక్కన నిలబడి నేర్పే కోచ్‌లను పంపారు. చేతులు కడగడం, ఆక్సిటోసిన్ ఇవ్వడం వంటి 18 పనుల్లో, మొదలైన రెండు నెలలకు అక్కడి సిబ్బంది దాదాపు 73 శాతం చేస్తుంటే మిగతా చోట్ల 42 శాతమే. కోచ్‌లు వెళ్లిపోయాక అది 62కు పడిపోయింది. మరణాలలో తేడా కనబడలేదు. చెక్‌లిస్టు వ్యర్థమని దీని అర్థం కాదు. నైపుణ్యం పక్కనున్న మనిషి ద్వారా వస్తుందనీ, మనిషి పోతే కొంత పోతుందనీ, మందూ రక్తమూ డాక్టరూ వెనక లేకపోతే నైపుణ్యం ఒక్కటే ప్రాణాలు నిలపలేదనీ అర్థం.

కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. అనుభవమున్న నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ, ఆ తర్వాత మిడ్‌వైఫ్‌లే నడిపే కాన్పుల విభాగాలు అన్నవి అందులో ముఖ్యం. తెలంగాణ అంతకంటే ముందే, 2017లో, ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో ఈ పని మొదలుపెట్టింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం పేరులోనే నర్సింగ్‌తోపాటు మిడ్‌వైఫరీ ఉంది. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1926లోనే, నర్సులకూ మిడ్‌వైఫ్‌లకూ కలిపి ఒక చట్టం ఉండేది. చట్టాలకు కొదవ లేదు. మామూలు కాన్పును మిడ్‌వైఫ్‌కు వదిలి, ఆమె పిలిచినప్పుడే డాక్టరు వచ్చే పద్ధతికి డాక్టర్లు ఎంతవరకు ఒప్పుకుంటారన్న దానిమీదే ఇది నిలబడుతుంది. చేయనివ్వని పనిని ఎంత నేర్పినా రెండేళ్లలో మరిచిపోతారు.

ఈ జిల్లాల్లో నేర్చుకునేవాళ్లకు పుస్తకంలో లేని పాఠాలు కొన్ని ఉన్నాయి. తొలికాన్పు పుట్టింటి బాధ్యత కాబట్టి, ఏడు నెలలు అత్తగారి ఊళ్లో పరీక్షలు చేయించుకున్న అమ్మాయి చివరి నెలల్లో మీ ముందుకు కొత్త మనిషిలా వస్తుంది. కార్డు ఒక్కటే ఆధారం. ఆదోని, మంత్రాలయం వైపు నుంచి పత్తికీ మిరపకూ గుంటూరు వెళ్లి, ఎనిమిదో నెలలో తిరిగొచ్చే గర్భిణుల దగ్గర ఆ కార్డు కూడా ఉండకపోవచ్చు. అప్పుడు చేతులే కార్డు చదవాలి. కడుపు ఎత్తు కొలవాలి, కనురెప్ప కింద రంగు చూడాలి, రక్తపోటు ముందుగా చూడాలి. ఆదోనిలో కన్నడమూ ఉర్దూ మాట్లాడేవాళ్లు చాలామంది. నొప్పి ఎక్కడ, నీళ్లు పోయాయా, బిడ్డ కదులుతోందా అన్న మూడు ప్రశ్నలు మూడు భాషల్లో రాని నర్సు ఆ గదిలో సగం పనే చేయగలదు.

ఎక్కువ కాన్పులు జరిగే చిన్న ఊళ్ల ఆసుపత్రులు ఈ చదువుకు పెద్దాసుపత్రి కంటే మంచి బడులు కాగలవు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే బత్తలపల్లి ఆసుపత్రి, లండన్ మిషన్ కాలం నాటి జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి వంటివి పల్లెవాళ్లు వచ్చే చోట్లలోనే ఉన్నాయి. విద్యార్థినులను రెండు వారాల పోస్టింగ్ అని తిప్పకుండా, మూడు నెలలు ఒకే సిస్టర్ వెంట, రాత్రి డ్యూటీలతో సహా ఉంచగలిగితే చాలావరకు తీరుతుంది. కాన్పులు రాత్రిళ్లు కూడా వస్తాయి, విద్యార్థినులను మాత్రం కాలేజీ బస్సు సాయంత్రం ఐదింటికే ఎక్కించుకుపోతుంది.

కూతురిని నర్సింగ్‌లో చేర్చబోయే తల్లిదండ్రులు ఫీజు, హాస్టలు, విదేశీ ఉద్యోగాల గురించి అడుగుతారు. అడగండి, తప్పులేదు. దానితోపాటు ఇంకొన్ని అడిగి చూడండి. ప్రాక్టికల్స్‌కు ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ నెలకు మామూలు కాన్పులు ఎన్ని, అదే ఆసుపత్రికి ఇంకా ఎన్ని కాలేజీల పిల్లలు వస్తారు, రాత్రి డ్యూటీ ఉందా, మిడ్‌వైఫరీ ట్యూటర్ తానే చివరిసారి కాన్పు చేసింది ఎప్పుడు, రికార్డులో ప్రతి కాన్పు కింద సంతకం పెట్టేది ఆ రాత్రి పక్కన నిలబడిన సిస్టరా, లేక సంవత్సరం చివర కట్టలుగా తెప్పించుకుని పెట్టే ఇంకెవరన్నానా?